రెండు తలల వైరు

మదనపల్లెలో బస్టాండు వెనక సందులో గౌరమ్మ దోసెపిండికి పేరుంది. పొద్దున్నే గిన్నెలతో వచ్చే ఆడవాళ్లు ఆమె నోటికి కొంచెం జడుస్తారు కానీ, పిండి మాత్రం ఇంకోచోట కొనరు. పులిసిపోయిన పిండి అమ్మడం కంటే పారబొయ్యడమే మేలనుకునే మనిషి ఆమె. ఒకటి అనుకుందంటే చేసి తీరుతుంది. ఆ మొండితనం ఒక పసిబిడ్డ ప్రాణం కాపాడింది కాబట్టే ఈ కథ.

ఆమె భర్త దేవేంద్ర మైకుసెట్ల అంగట్లో పనిచేసేవాడు. తొంభైల చివర్లో కరెంటు సంగతి తెలిసిందే. సందులో ఈ వరసకు ఫేజు పోతే, ఎదురు వరసకు ఉండేది. గ్రైండర్లో పప్పు సగంలో ఆగిపోయి భార్య చిందులు తొక్కుతుంటే చూడలేక, దేవేంద్ర ఒక వైరుకు రెండు కొసలా ప్లగ్గులు బిగించి తెచ్చాడు. మెయిను ఆపేసి, ఒక కొస ఎదురింటి సాకెట్లో, రెండో కొస తమ ఇంటి సాకెట్లో పెడితే ఇల్లంతా వెలిగిపోయేది. దాన్ని చూసి సందంతా మెచ్చుకుంది. అడిగినవాళ్లకల్లా చేసిచ్చాడు. అది చాలక, చుట్టాలింట్లో పెళ్లయినా గృహప్రవేశమైనా చదివింపుల్లో దేవేంద్ర పెట్టేది ఆ రెండు తలల వైరే. స్టీలు బిందె చదివించినవాళ్లకు కూడా అంత మర్యాద దక్కేది కాదు.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక సాయంత్రం, మన వరసకు కరెంటొచ్చిందని పక్కింటివాళ్లు కేకేశారు. గౌరమ్మ పిండి చేత్తోనే పోయి తమ గోడకున్న ప్లగ్గు లాగింది. రెండో కొస ఎదురింట్లో అలాగే ఉంది. అంటే, ఆమె చేతిలోని ప్లగ్గు పిన్నుల్లో కరెంటు పారుతూనే ఉంది. తడి వేళ్లు వాటికి తగిలాయి. ఎగిరి గ్రైండరు పక్కన పడింది.

బతికి బయటపడింది కానీ, కుడిచేతి వేళ్లు రెండు మళ్లీ వంగలేదు.

ఆసుపత్రి మంచం పక్కన కూర్చొని దేవేంద్ర ఏడ్చాడు. ఏడుస్తూనే, "ముందు ఆ పక్కది పీకాల గదా. చెప్పినా గదా నీకు," అన్నాడు.

"చేతికాడ ఏ కొస ఉంటే ఆ కొసే గదయ్యా మనిషి పీకేది," అంది గౌరమ్మ.

ఇంటికొచ్చిన రోజే మొదలుపెట్టింది. గడప గడపకూ పోయి, వంగని వేళ్లు చూపించి, వైర్లు వెనక్కి తీసుకుంది. వడ్రంగి మల్లప్ప తాను జాగ్రత్తగా ఉంటానులెమ్మంటే, ఇచ్చేదాకా అతని అరుగు మీద నుంచి లేవలేదు. ఆరోజు సందులో ఎవరికీ పిండి లేదు. పుంగనూరులో చెల్లెలు యమున ఇంటికి బస్సెక్కి పోయి, ఆమె కాఫీ కలిపేలోపే వైరు సంచిలో వేసుకుంది. దేవేంద్రకు తల కొట్టేసినట్టయింది. ఊరూరా తిరిగి తన పరువు తీస్తోందని మాట్లాడ్డం మానేశాడు. ఆమె అన్నం వడ్డించడం మానలేదు, వైర్లు వెతకడమూ మానలేదు.

చివరికి కుప్పంలో అతని అక్క అంజమ్మ ఇల్లు మిగిలింది. అక్కడికి మాత్రం మొగుణ్ణి పట్టుబట్టి వెంటబెట్టుకొని పోయింది.

ఆ ఇంటి వసారాలో వైరు మేకుకు వేలాడుతోంది. రోజూ కరెంటు పోయేదే గదా, మాటిమాటికీ ఎవరు తీసి పెడతారని ఎదురింటి కొసను సాకెట్లోనే ఉంచేశారు. ఈ కొసేమో మేకు మీద నుంచి జారి నేలకు జానెడెత్తున ఊగుతోంది. అంజమ్మ మనవరాలు, ఇంకా పాకే బిడ్డ, దాన్ని అందుకోవాలని చెయ్యి చాస్తోంది. గౌరమ్మ ఒక్క అంగలో పోయి బిడ్డను చంకనేసుకుంది.

వైరు తీసెయ్యమనేసరికి అంజమ్మ ముఖం మాడ్చుకుంది. "మా తమ్ముడు చేతులారా చేసిచ్చింది. ఇన్నేండ్లూ ఏమీ కాలేదు. ఇప్పుడు యాల తీయాల?" అంది. అక్క మాటకు దేవేంద్ర కొంచెం నిటారుగా నిలబడ్డాడు.

గౌరమ్మ వదినతో వాదం పెట్టుకోలేదు. మొగుడి వైపు తిరిగింది.

"నువ్వు చేసిందే గదా. ఆ పిన్నులు ఒకసారి పట్టుకో. ఏమీ కాకపోతే బిడ్డను ఈడనే దించేసి నా పాటికి నేను పోతాను."

దేవేంద్ర చెయ్యి లేవలేదు. మైకుసెట్లతో బతికిన మనిషికి ఆ పిన్నుల్లో ఏముందో తెలియక కాదు. ఇన్నాళ్లూ ఒప్పుకోలేకపోయాడు, అంతే. అంజమ్మ తమ్ముడి ముఖం చూసింది. ఆమెకు ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

అతను దారి దాటి ఎదురింట్లోకి పోయి, ప్లగ్గు పీకి, ఆ కొసను చేత్తో పట్టుకొనే తిరిగొచ్చాడు. ఎప్పుడూ జేబులో ఉండే కటింగ్ ప్లేయరు తీసి రెండు తలలూ తనే కత్తిరించాడు.

"నువ్వు ఏ కొస పీకినా తప్పు నాదే," అన్నాడు, భార్య ముఖం చూడకుండా.

గౌరమ్మ బిడ్డను వసారాలో కిందికి దించింది. బిడ్డ పాక్కుంటూ మళ్లీ ఆ మేకు కిందికే పోయింది. ఈసారి ఎవరూ ఆపలేదు.