ఒకటంటే ఫస్టే గదా

పన్నెండేళ్లుగా ఒక అంకె నన్ను వదలడం లేదు. ఒకటి. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

హనుమకొండలో పీజీ చదివే రోజుల్లో నేను క్లాసుకు సీఆర్‌ని, అంటే లీడర్‌ని. మాకు ఎకనామిక్స్ చెప్పే సారు పార్ట్‌టైం. మా ఫీడ్‌బ్యాక్ బాగుంటేనే ఆయన్ను మరుసటి ఏడు తీసుకుంటారు. పల్లెల నుంచి వచ్చినవాళ్ల కోసం పాఠమంతా తెలుగులో విడమరిచి చెప్పేవారు. బట్టల కొట్టువాళ్ల పిల్లను, ఇంగ్లిష్ మీడియం దాన్ని, నాకది నామోషీగా ఉండేది. ఒకరోజు నేను గడగడా అప్పజెప్పిన డెఫినిషన్‌నే తెలుగులో చెప్పమన్నారు. మళ్లీ ఇంగ్లిష్‌లోనే అప్పజెప్పాను. అందరూ నవ్వారు. తల కొట్టేసినట్టయింది.

ఆ నెలలోనే ఫీడ్‌బ్యాక్ ఫారాలు వచ్చాయి. జిరాక్సులో పై లైను తెగిపోయి, ఒకటి నుంచి ఐదు దాకా అంకెలే మిగిలాయి. ఐదంటే చాలా బాగు, ఒకటంటే అధ్వానం అని అందరికీ చెప్పమని ఆఫీసువాళ్లు నన్ను పంపారు. నేను నోరు తెరిచేలోపే ఏటూరునాగారం నుంచి వచ్చిన సమ్మక్క అడిగింది.

"అక్కా, ఒకటంటే ఫస్టే గదా? సారుకు ఫస్టే ఇయ్యాలె."

"అవు, ఫస్టే," అన్నాను.

ఆ మాట వెనక బెంచీల దాకా పాకింది. అందరూ ఏరికోరి సారుకు ఒకట్లు వేశారు. కునుకు తీస్తూ నోట్సు చదివించే ఇంకో సారుకు ఐదులు పడ్డాయి. ఆయనకు స్టాఫ్ రూములో శాలువా కప్పారు.

మరుసటి ఏడు మా సారు రాలేదు. "గంతమందిమి ఫస్టిచ్చినం గదక్కా, మరి సారునెందుకు తీసేసిన్రు?" అంది సమ్మక్క. ఏమో అన్నాను.

కోపంతోనే అన్నానా ఆ మాట? లేక, ఒక్క అంకె తిరగబడితే మనిషి ఏమవుతాడో చూద్దామన్న కుతూహలమా? నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ. ఆ ఫారాలు ముందు పెట్టినప్పుడు, తెలుగులో చెప్పడమే తన తప్పనుకున్నారా ఆయన? తర్వాత ఇంకెక్కడైనా తెలుగులో చెప్పారా? తెలుసుకోవాలని ఉంది. వెతకడానికి మాత్రం ధైర్యం లేదు.

ఇప్పుడు నేనూ లెక్చరర్‌నే. సెమిస్టర్ చివర పిల్లలు నాకు వేసిన మార్కులు ఫోనులో చూసుకుంటాను. ఎక్కడో ఒక ఒకటి ఉంటుంది. అది తిట్టో, మెచ్చుకోలో, ఎంతసేపు చూసినా తేల్చుకోలేను.

సమ్మక్కకు ఇంకా తెలియదు, సారు ఉద్యోగం తీసిన చేతుల్లో తనదీ ఉందని. చెబితే నా పాపంలో ఆమెకు వాటా ఇచ్చినట్టు కాదా? అందుకే మీతో అంటున్నాను.

ఒకటంటే ఫస్టు కాదు సమ్మక్కా. ఆ రోజే నాకు తెలుసు.