పెద్దకాపు అన్నం ముట్టని మధ్యాహ్నం

జువ్వలదిన్నెలో మా మత్స్యకారుల కులపెద్దను పెద్దకాపు అంటాం. ఇప్పుడు మా చిన్నాన్నే పెద్దకాపు. ఈ రోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి రాకపోతే, విసుక్కుంటూ క్యారియర్ పట్టుకుని ఒడ్డుకు వెళ్ళాను. గాలి జోరుగా ఉంది. ఒక్క పడవ ఇంకా రాలేదు. అది పోయిన నెల పంచాయితీలో చిన్నాన్నను నలుగురిలో తిట్టిన పోలయ్యది.

"ఆయన కోసం నువ్వెందుకు పస్తుండేది?" అన్నాను.

"కాపు కాసేవాడనే గదమ్మా కాపని పేరు పెట్టినారు. పడవలన్నీ ఒడ్డెక్కేదాకా ముద్ద ముట్టకూడదు. తిట్టినోళ్ళ పడవ వొదిలెయ్యమని ఎవురూ చెప్పలేదే," అన్నాడు చిన్నాన్న.

సాయంత్రానికి పోలయ్య పడవ చేరింది. చిన్నాన్న ఆయన్ని పలకరించలేదు. క్యారియర్ మూత తీశాడు, అంతే.

మీ ఊళ్ళో పెద్దను ఏమంటారు? ఆ పేరు ఎందుకొచ్చిందో ఆయనకు గుర్తుందా?