ఐదింటి గోలు

మొన్న ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో ఒక కొట్టు ముందు తడిసిన తోలు వాసన తగిలింది. వాననీళ్లు తాగి బరువెక్కిన పాత ఫుట్‌బాల్ వాసన. నా చిన్నప్పటి ఒక ఆట గుర్తొచ్చింది.

దేశంలోని రైల్వే వర్క్‌షాపులన్నిటికీ కలిపి ఫుట్‌బాల్ లీగ్ పెట్టిన మొదటి ఏడది. మా ఖరగ్‌పూర్ జట్టుకి గోల్‌కీపర్ మా నాన్న, మిగతా వేళల్లో ఫిట్టర్. మా జట్టు అప్పటిదాకా అన్ని ఆటలూ పద్ధతిగా ఓడింది. ఆఖరి ఆట డ్రా అయితే చాలు, మరుసటి ఏడు కూడా లీగ్‌లో ఉంటాం.

ఇంకా నాలుగు నిమిషాలుండగా, ఇరువైపులా ఒక్క గోలూ లేకుండా ఉండగా, వర్క్‌షాపు ఐదింటి సైరన్ కూసింది. ఇరవయ్యేళ్లుగా ఆ కూత వినగానే పనిముట్టు కింద పెట్టిన మనిషి మా నాన్న. చేతులు దించి, నిక్కరుకి తుడుచుకుని, గేటు వైపు తిరిగాడు. బంతి ఆయన పక్కనుంచి నింపాదిగా లోపలికెళ్లింది.

ఆట కూడా సైరన్‌తో అయిపోయిందనుకుని, ఎనిమిదేళ్ల నేను లేచి చప్పట్లు కొట్టాను. మా వాళ్లందరిలో నేనొక్కర్తినే.

"ఏటి అప్పారావూ, ఓవర్‌టైం ఇస్తే గానీ బంతాపవేటి?" అని ఎవరో అరిచారు.

ఇంటికి నడుస్తూ నాన్న అడిగాడు. "సప్పట్లెందుకు కొట్టినావే?"

"మనం గట్టెక్కినామనుకున్నాను నాన్నా."

"సర్లే. మీ అమ్మకీ అలాగే సెప్పు."

అలాగే చెప్పాను. అమ్మ పాయసం వండింది. నాన్న రెండుసార్లు వేయించుకున్నాడు. నచ్చి తిన్నాడనే చాలా ఏళ్లు అనుకున్నాను.