గేరులో ఉన్న జీపు

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి సంవత్సరం, కంది కోతలు మొదలయ్యే వేళకు, నన్ను వికారాబాద్ కార్యాలయం నుంచి తాండూరు గనులకు బదిలీ చేశారు. హోదా సీనియర్ ఇంజినీరు, వాహనాల విభాగం. నాపరాయి తవ్వి అమ్మే ఒక ప్రైవేటు కంపెనీ మాది. మా గని బషీరాబాద్ వైపు ఉండేది. టిప్పర్లు, ట్రాక్టర్లు, కూలీలను గనిలోకి దింపే పాత జీపులు, వీటన్నిటినీ పనిచేసే స్థితిలో ఉంచడం నా బాధ్యత. రిటైరయ్యే ముందు కాపురం మార్చడం ఎందుకని పొద్దున్నే వికారాబాద్‌లో రైలెక్కి సాయంత్రానికి తిరిగి వచ్చేవాణ్ని.

జీపుల్లో డీజిల్ ఇంజిన్లు తీసేసి కరెంటు మోటార్లు పెట్టించాలని యాజమాన్యం అనుకుంది. నన్ను అక్కడికి పంపింది అందుకే. కొత్త బండ్లు కొనడం కాదు. పాత జీపునే ఉంచుకుని, ఇంజిన్ దించి, ఆ చోట మోటారు బిగించి, వెనక సీట్ల కింద బ్యాటరీలు అమరుస్తారు. క్లచ్చి, గేరుబాక్సు, చక్రాలను తిప్పే షాఫ్టులు అన్నీ పాతవే. మా భాషలో దీన్ని కన్వర్షన్ అంటారు.

నేను దీనికి శత్రువును కాను. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగింది విన్నవాళ్లు నేను డీజిల్ పక్షం అనుకుంటారు. మా గని మెట్లు మెట్లుగా కిందికి దిగే పెద్ద గొయ్యి. గాలాడని ఆ అడుగున డీజిల్ పొగకు ఆడకూలీలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పనిచేసేవారు. మోటారుకు పొగ లేదు, మోత లేదు, ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు కూడా ఎక్కువ. కరెంటు పోయిన రోజుల్లో మాత్రం ఆ బ్యాటరీలను డీజిల్ జనరేటరు పెట్టి చార్జి చేసేవాళ్లం. ఈ ముచ్చట బయట చెప్పకండి అని మేనేజరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మొదటి కన్వర్షన్ జీపును బీరప్పకు ఇచ్చారు. బీరప్ప బషీరాబాద్ దగ్గరి పల్లెవాడు, కురుమల ఇంటివాడు. తమ్ముళ్లు గొర్లతో ఉండిపోతే ఇతను స్టీరింగు పట్టుకున్నాడు. ఏళ్ల తరబడి మా గనిలోనే డ్రైవరు. మాటలో నెమ్మది ఎక్కువ. పాత జీపును తిట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం కన్నడంలో తిట్టేవాడు. అదేమంటే, తెలుగులో తిడితే బండికి సమజైతది సార్ అనేవాడు.

ఇక్కడ గనుల్లోని ఒక అలవాటు గురించి చెప్పాలి. కిందికి దిగే వాలుబాటను ర్యాంపు అంటారు. ర్యాంపు మీద టిప్పరు ఆపితే చక్రం కింద రాయి పెడతారు. జీపు చిన్న బండి కనక ఒకటో గేరులో వేసి, ఇంజిన్ ఆపి దిగిపోతారు. డీజిల్ ఇంజిన్ ఆగి ఉన్నా, గేరులో ఉంటే చక్రాలు దాన్ని తిప్పకుండా కదలలేవు. తిప్పబోతే సిలిండర్లలో గాలి బిగుసుకుని ఎదురు తంతుంది. కాబట్టి బండి నిలిచిపోతుంది. హ్యాండ్ బ్రేకు ఉండేది, కానీ దుమ్ముకు దాని వైరు ఎప్పుడో పట్టేసింది. డ్రైవర్లు ఆ లివరుకు నీళ్ల సీసా, సద్ది సంచి తగిలించుకునేవారు. ఏ గనిలోనైనా అంతే. తప్పని ఎవరికీ అనిపించలేదు, ఎందుకంటే ఏ జీపూ ఎన్నడూ జారలేదు.

కన్వర్షన్ చేసిన కంపెనీవాళ్లు హ్యాండ్ బ్రేకుకు కొత్త వైరు వేసి ఇచ్చారు. వాళ్ల ఇంజినీరు పట్నం నుంచి వచ్చి డ్రైవర్లకు ఒక పూట శిక్షణ ఇచ్చాడు. చార్జింగు ఎలా పెట్టాలో, వానకు ఏది తడవకూడదో చెప్పాడు. బండి ఎలా ఆపాలో చెప్పలేదు. హ్యాండ్ బ్రేకు వేయడం అతనికి ఊపిరి తీసుకోవడం లాంటి అలవాటు. మావాళ్లకు గేరులో వేయడం అలాంటిదే. ఇలాంటివాటిని ఎవరు చెప్తారు, ఎవరు అడుగుతారు!

కొన్ని వారాలు బాగానే నడిచింది. బీరప్ప రోజూ జీపు ఆపే చోటు చదునుగా ఉండేది. ఒకరోజు అక్కడ రాతి తుక్కు పోశారు. అతను ర్యాంపు మీదే జీపు ఆపి, కూలీలను దింపి, మంచినీళ్ల డ్రమ్ము మోసుకుని కిందికి పోయాడు. కాసేపటికి రాళ్ల లోడుతో ఒక టిప్పరు పక్క నుంచి వెళ్లింది. ఆ అదురుకు జీపు కదిలింది. ర్యాంపు అడుగున, గోడ నీడలో, చంద్రమ్మ అనే కూలీ సద్ది విప్పుకుని కూర్చుని ఉంది. మిగతావాళ్లు కేకలు వేశారు. ఆమె లేచేలోపు జీపు ఆమెను గోడకేసి నొక్కేసింది. తాండూరు ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు.

సాయంత్రానికి అందరూ ఒకే మాట పట్టుకున్నారు. మోత లేని బండి, అందుకే ఆమెకు వినపడలేదు అని. ఒళ్లు మండిపోయింది నాకు. ఇంజిన్ ఆపిన ఏ బండికి మోత ఉంటుందయ్యా? అసలు ఆపిన బండి ఎందుకు కదిలింది, అది కదా అడగాల్సింది!

బీరప్ప మీద నిర్లక్ష్యం కింద పోలీసు కేసు అయింది. కంపెనీ సస్పెండు చేసి, లోపలి విచారణకు ముగ్గురిని వేసింది. మేనేజరు అధ్యక్షుడు, భద్రతాధికారి, సాంకేతిక సభ్యుడిగా నేను. తప్పు డ్రైవరుది అని తేలితే ఉద్యోగం పోవడమే కాదు, ఆ తీర్పు కోర్టులో అతని మెడకు చుట్టుకుంటుంది.

బెయిలు మీద వచ్చిన బీరప్ప మా ముందు నిలబడి ఒక్కటే చెప్పాడు. “గేర్ల వెట్టే దిగిన సార్. ఎప్పట్లెక్కనే ఒకటో గేర్ల వెట్టిన. నా బిడ్డ మీద ఒట్టు.” ప్రమాదం తర్వాత చూస్తే జీపు ఒకటో గేరులోనే ఉంది, అయినా ఎవరూ నమ్మలేదు. గేరులో ఉన్న జీపు జారదని గనిలో అందరికీ తెలుసు. మా వర్క్‌షాపు మేస్త్రీ ఖాజా మియా మంచివాడు, బీరప్పకు స్నేహితుడు. అతను కూడా అన్నాడు: “గేర్ల ఉంటె జీపెట్ల కదుల్తది సార్? మర్సిపోయుంటడు. గుద్దినంక ఉరికొచ్చి గేరు గుంజిండు, గంతే.”

బయటికి వచ్చాక బీరప్ప నా దగ్గరికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. “గేర్ల ఉంటె పోదు గద సార్. మరి పోయింది. అంటె నేనే మర్సిపోయిన్నా? రాత్రంత సోంచాయిస్తున్న, నాకేం సమజైతలేదు. జర మీరన్న జెప్పుండ్రి, నేను వెట్టిన్నా వెట్టలేదా?” తన చేయి చేసిన పనిని తానే నమ్మలేని స్థితికి వచ్చిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు ఆ జీపును వర్క్‌షాపులో వాలుగా నిలబెట్టించాను. ఒకటో గేరు వేసి, స్విచ్చి తీసేసి, ఖాజాను నెట్టమన్నాను. ఖాజా బక్కమనిషి. ఒక్క చేయి ఆనించి నెట్టాడు, అంతే, జీపు ముందుకు పోయింది. ఖాజా “యా అల్లా” అని దాని వెంట ఉరికాడు. సంగతి అది. స్విచ్చి తీసిన మోటారు, కరెంటు పోయిన ఫ్యాను లాంటిది. చేత్తో తిప్పినా తిరుగుతుంది. గేరుబాక్సులో ఉండే కొద్దిపాటి బిగువు బండిని కాసేపు ఆపగలదు, ఒక్క అదురు తగిలితే వదిలేస్తుంది. ఇంజిన్‌ను దించినప్పుడు దానితో పాటే ఆ గాలి బిగువునూ దించేశారు, ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు.

విచారణ సంఘాన్ని ర్యాంపు దగ్గరికి పిలిపించాను. ముందు డీజిల్ జీపు. ఒకటో గేరు వేసి హ్యాండ్ బ్రేకు లేకుండా నిలిపితే, నలుగురు నెట్టినా ఒక్క కుదుపు ఇచ్చి నిలబడింది. తర్వాత కన్వర్షన్ జీపు. అడ్డంగా తుక్కు కుప్ప పోయించి, హ్యాండ్ బ్రేకు లేకుండా అదే గేరులో వదిలాం. టిప్పరును పక్క నుంచి పోనిచ్చాం. జీపు మెల్లగా కదిలి, వేగం అందుకుని, పోయి కుప్పను గుద్దింది. బీరప్ప గేరులో పెట్టాడు, అబద్ధమాడలేదు, మరిచిపోలేదు. బండి గుణం మారింది, మారినట్టు అతనికి ఎవరూ చెప్పలేదు. ఇదీ నా వాదన. భద్రతాధికారి తలూపాడు. గట్టున నిలబడ్డ బీరప్ప ముఖంలోకి కాస్త నెత్తురు వచ్చింది.

మేనేజరు ఒక్క నిమిషం ఆలోచించాడు. తర్వాత చాలా మర్యాదగానే అన్నాడు: “అంటే గేరును నమ్ముకుని హ్యాండ్ బ్రేకు వెయ్యలేదన్నమాట. కొత్త వైరు వేసి ఇచ్చాం కదండీ. పనిచేస్తోంది కదా?”

పనిచేస్తోంది. అబద్ధం చెప్పలేను కదా.

ఆమెను బయటికి తీసే హడావుడిలో బ్రేకు లివరు ఎలా ఉందో ఎవరూ చూడలేదు, కాబట్టి అప్పటిదాకా బ్రేకు వేశాడో లేదో రుజువు చేసేవాడు లేడు. బ్రేకు వేసి ఉంటే లాగుడుకు వైరు సడలి ఉండవచ్చనో, వైరు బిగించినవాళ్లది తప్పనో వాదించే సందు ఉండేది. నా ప్రయోగం ఆ సందును మూసేసింది. బ్రేకు లేకుండా గేరు ఒక్కదాని మీద నిలిపినందుకే జీపు జారిందని ఇప్పుడు అందరికీ తెలుసు. నిబంధన ప్రకారం బండి ఆపితే హ్యాండ్ బ్రేకు వేయాలి. శిక్షణలో చెప్పలేదని, లోపం మాది కూడా అని నేను ఎంత మొత్తుకున్నా, లైసెన్సు ఉన్న డ్రైవరుకు బ్రేకు వేయమని వేరే చెప్పాలా అన్నారు. నా భిన్నాభిప్రాయం రాసి ఇచ్చాను. తీసుకున్నారు, పక్కన పెట్టారు. బీరప్పను ఉద్యోగంలోంచి తీసేశారు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

చంద్రమ్మ ఇంటికి కూడా వెళ్లాను. ఆమె అక్క గడప దగ్గర కూర్చుని నేను చెప్పిందంతా విన్నది, గేరు, మోటారు, అన్నీ. విని, “గివన్ని మాకెందుకు సారూ. అది తిన్న గిన్నె గూడ తెచ్చియ్యలేదు మీరు” అన్నది.

రిటైరయ్యే ముందు ఒకసారి బషీరాబాద్ దారిలో బీరప్ప కనిపించాడు. తమ్ముళ్ల గొర్ల వెంట ఉన్నాడు. షేర్ ఆటో ఆపి దిగాను. నమస్కారం పెట్టాడు, బాగున్నారా సార్ అన్నాడు. మాటల మధ్య నెమ్మదిగా అడిగాడు.

“నేను మర్సిపోయిన, గేర్ల వెట్టలే అని తేలినా గిదే శిచ్చనా సార్?”

అవునన్నాను.

“మరి గంత తిప్పలెందుకు వడ్డరు సార్?”

నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అడిగాడు. నీకోసమే అని చెప్పబోయి ఆగిపోయాను. గొర్లు రోడ్డెక్కుతుంటే వాటిని మళ్లించడానికి పోయాడు.

ఆ తర్వాత మా గనిలో ప్రతి కన్వర్షన్ జీపు మీదా హ్యాండ్ బ్రేకు వేయాలని ఎర్ర రంగుతో రాయించారు. డ్రైవర్లు వేస్తున్నారు, చక్రం కింద రాయి కూడా పెడుతున్నారు. పొగ తగ్గింది, కూలీల దగ్గు తగ్గింది. కరెంటు మోటారే మేలని అడిగినవాళ్లకు నేను ఇప్పటికీ చెప్తాను.

ఈ ఉదంతం వల్ల నేను తెలుసుకున్నది ఇది. ఒక యంత్రాన్ని తీసి ఇంకొకటి పెట్టేటప్పుడు, పాతది నడుస్తూ చేసిన పని మాత్రమే లెక్కలోకి తీసుకుంటాం. ఆగి ఉండి చేసిన పని ఎవరి దృష్టికీ రాదు, దాని మీద బతికినవాళ్ల దృష్టికి కూడా. కన్వర్షన్ చేసే ఇంజినీర్లు కొత్త మోటారు గురించి చెప్పే ముందు, డ్రైవరు పాత బండిని ఎలా ఆపి దిగుతాడో ఒక పూట గట్టున కూర్చుని చూడాలి. నేను ఈ మాట తర్వాత చాలామందికి చెప్పాను, కొందరు పాటించారు కూడా. బీరప్పకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.