అక్క ఇంటి కొళాయి

మునిసిపాలిటీలో కొళాయిలు బిగించే మనిషి అతను. బాకీ పడ్డ ఇళ్లకు నీళ్లు ఆపేదీ అతనే. బిగించినవి మర్చిపోయి కోసినవే గుర్తుపెట్టుకున్న ఊరు అతనికి ‘కత్తెర’ అని పేరు పెట్టింది. మేలు గుర్తుంచుకునే ఊరు ఎక్కడుంది గనక!

వెనకటికి నీటిపన్ను వసూలంటే అంతా మొహమాటాల వ్యవహారం. బాకీ ఉన్నవాడు రేపు రమ్మనేవాడు, వసూలుకెళ్లినవాడు టీ తాగి వచ్చేసేవాడు. ఆఫీసులో డబ్బుండేది కాదు, కత్తెరకు జీతం మూడేసి నెలలకోసారి వచ్చేది. తర్వాత లెక్కలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. దానికి టీ అక్కర్లేదు, చుట్టరికం తెలీదు. ఎవరి కొళాయి కొయ్యాలో పొద్దున్నే అతని ఫోనుకు పంపుతుంది; కోసి ఫోటో పెడితేగానీ ఊరుకోదు. వసూళ్లు పుంజుకున్నాయి. జీతం ఒకటో తారీఖున టంచనుగా పడుతోంది. అందరికంటే ఎక్కువ సంతోషించింది అతనే.

ఆ పొద్దున ఫోనులో అక్క ఇల్లు వచ్చింది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. బావ మంచం పట్టినప్పటినుంచీ కట్టని పన్నంతా కంప్యూటరు తవ్వి తీసింది. అతని ఐదు నెలల జీతమైనా చాలదు. వాయిదాల్లో తాను కడతానని ఆఫీసు మేనేజర్ని కాళ్లావేళ్లా పడి బతిమాలాడు. ఆయన మంచివాడే. మొత్తం కడితేగానీ కంప్యూటరు తీసుకోదని, తన చేతుల్లో ఏమీ లేదని చెప్పాడు. కావాలంటే ఇంకొకణ్ణి పంపుతానన్నాడు. ఎవడో వచ్చి అక్కను గుమ్మంలో నిలబెట్టి కసరడం కంటే తానే నయమనుకున్నాడు కత్తెర. అలా అనుకున్నాక మరి ఏమీ అనిపించలేదు.

అక్క తలుపు తీసి అతని చేతిలో రంపం, రెంచి చూసింది. లోపల బావ దగ్గుతున్నాడు.

“మా ఇంటికేనా?”

“ఊఁ.”

“కాస్త ఆగు, బిందెలు నింపుకుంటా.”

ఆగాడు. బిందెలు, బకెట్లు అయ్యాక అన్నం గిన్నెలు కూడా నింపింది. అప్పుడు పైపు కోసి మూత బిగించాడు, ఫోటో తీశాడు. పని పూర్తయిందని ఫోను చెప్పింది. ఏడుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు.

చేతులు జిడ్డయ్యాయి. అక్క సబ్బిచ్చి, చిన్నప్పుడు పోసినట్టే బకెట్లోంచి చెంబుతో నీళ్లు పోసింది. సగం చెంబుకే చేతులు వెనక్కి తీసుకున్నాడు.

“నురగ పోలేదురా. ఇంకాస్త పొయ్యనా?”

“చాలక్కా.”

వేళ్ల మీద సబ్బు ఆరిపోతుండగా, ఫోను తీసి తర్వాతి ఇల్లెక్కడో చూసుకున్నాడు.