ముందు సీటు, మేనమామ ఒడి

"చిన్నికి అయిదో ఏడు. చెవులు కుట్టిస్తున్నాం. మేనమామవి, నీ ఒళ్ళో కాక ఎవరి ఒళ్ళో కూర్చోబెట్టమంటావు?" అని అక్క ఫోన్ చేస్తే భిలాయి బయల్దేరాను. అప్పటికి ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రం. కొట్ల బోర్డుల మీద ఇంకా మధ్యప్రదేశ్ అనే ఉండేది.

విశాఖలో సాయంత్రం బండెక్కితే తెల్లవారాక దిగుతాం. రాయగడ దాటాక నీళ్ళకు కటకట. వెళ్ళేవాళ్ళు రెండు సీసాలు దగ్గరుంచుకోవాలి. ఎదురు బెర్తులో పార్వతీపురం ఆయన, భిలాయి ఉక్కు కర్మాగారంలో రిటైరైన మనిషి, పేరు కూడా అడక్కుండా "ఏ సెక్టరు బాబూ?" అన్నాడు. అక్కడ కర్మాగారం క్వార్టర్లన్నీ సెక్టర్లే. సెక్టర్ 2, మా బావ కారు కొన్నాడు అని చెప్పాను.

"కారే! అయితే మీ బావ ఆఫీసరైపోనాడన్నమాట" అని నవ్వి, నాకు చేగోడీలు పెట్టాడు.

భిలాయి పవర్‌హౌస్ స్టేషన్ బయట బావ కారుతో నిలబడి ఉన్నాడు. ఎవరో అధికారి బదిలీ మీద పోతూ అమ్మిన సెకండ్‌హ్యాండ్ బండి. "ముందు కూకోరా. గుబ్బారాలున్న కారిది! నాకొకటి, నీకొకటి" అన్నాడు. గుబ్బారా అంటే బుడగ. ఎయిర్‌బ్యాగులన్న మాట.

కూర్చున్నాను, కడుపు మండింది. నా ఉద్యోగం విశాఖలో గుద్దుకున్న కార్లు చూసి బీమా ఎంత ఇవ్వాలో రాయడం. బావ స్టీరింగుకు ఛాతీ ఆనించి కూర్చున్నాడు. బెల్టు పెట్టకపోతే ఎర్రదీపం వెలుగుతోందని, బెల్టును వీపు వెనకనుంచి తెచ్చి బిగించి దానిమీద ఆనుకున్నాడు. నా తల ముందున్న ఎండ తెర మీద, పిల్లల్ని ముందు కూర్చోబెట్టొద్దని చెప్పే పసుపు రంగు బొమ్మ ఉండాలి. దాని మీద సింహాద్రి అప్పన్న ఫోటో అంటించేశాడు. ఈ మనిషేమో కర్మాగారంలో క్రేన్ ఆపరేటర్. భద్రతా వారోత్సవాల్లో నినాదం రాసి టిఫిన్ క్యారియర్ బహుమతి కొట్టినవాడు!

"బావా, వెనక్కి జరుగు. గుండెకూ స్టీరింగుకూ మధ్య జానెడు పైనే ఉండాలి. బెల్టు లేకుండా బుడగ తెరుచుకుంటే అదే నిన్ను కొడుతుంది."

"గుబ్బారా కొట్టడమేటిరా? తకియా లాంటిది. మెత్తగా ఉంటాది."

దిండట!

అసలు గొడవ మర్నాడు పొద్దున్న మొదలైంది. చెవులు కుట్టించే గుడి రెండు సెక్టర్ల అవతల. అందరం కారెక్కాలి. బావ తల్లి, నాకు అత్తయ్య, పట్టుచీర కట్టుకుని హుకుం జారీ చేసింది: "మేనమావ ముందు కూకోవాలి, పిల్ల ఒళ్ళో ఉండాలి. శుభమా అని ఎల్తున్నాం."

"అత్తయ్యా, చిన్ని వెనకే కూర్చుంటుంది. బెల్టు పెట్టుకుని."

"సెవులు కుట్టించుకునే పిల్లని ఎనక్కి తోసేత్తావేటి?"

చిన్ని కాళ్ళు నేలకేసి కొట్టింది. "మామా, ముఝే ఆగే బైఠనా హై!" ముందే కూర్చుంటుందట. అక్కడే పుట్టిన పిల్ల, మారాం ఎప్పుడూ హిందీలోనే.

చెప్పాను. ఆ బుడగ రెప్పపాటులో పేలినట్టు బయటికొస్తుంది. బెల్టు పెట్టుకుని వెనక్కి ఆనుకున్న పెద్దవాళ్ళకు అది ప్రాణదాత. ఒళ్ళో పిల్లకు సరిగ్గా మొహానికి, మెడకు తగులుతుంది. బుడగ దెబ్బకే ముందు అద్దం పగిలిన బండ్లు చూశాను నేను.

"మీ కర్మాగారంలో గ్యాసు పైపు మూత ఎగిరే చోట చిన్నిని నిలబెడతావా బావా?"

బావ తాళంచెవి తిప్పుకుంటూ అత్తయ్య వైపు చూశాడు. అక్క మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "శుభమా అని పిలిస్తే ఇలాంటి మాటలా తమ్ముడూ?"

ఇంక నా వల్ల కాలేదు. చిన్నిని భుజాలకెక్కించుకుని నడక మొదలుపెట్టాను. ఎండలో, పంచెకట్టుతో, రెండు సెక్టర్లు. వెనకాల కారు హారన్ కొట్టుకుంటూ నత్తనడక. క్వార్టర్ల గేట్ల దగ్గర జనం, ఇదేదో మా ఆంధ్రావాళ్ళ ఆచారమనుకుని నమస్కారాలు పెట్టారు. గుడిలో నా ఒళ్ళో కూర్చుని, చెవులు కుడుతుంటే నా వేలు కొరికేసింది చిన్ని. ఆ నొప్పి హాయిగానే ఉంది.

మధ్యాహ్నం సుపేలా బజారులో కారులో బిగించే పిల్లల సీటు కోసం తిరిగాను. హారన్లున్నాయి, సీటు కవర్లున్నాయి, మిణుకుమిణుకు దీపాలున్నాయి, కట్టి అమ్మే నిమ్మకాయ మిరపకాయలున్నాయి. పిల్లల సీటు అడిగితే కొట్టాయన, "ఖిలౌనే కీ దుకాన్ ఉధర్ హై భయ్యా" అని బొమ్మల కొట్టు చూపించాడు. ఒట్టి చేతులతో తిరిగొచ్చాను. దొరికినంతలో వెనక సీటు, బెల్టు, అంతేనని బావ చేత ఒట్టేయించుకున్నాను.

సాయంత్రం స్టేషన్‌కి అందరూ వచ్చారు. చిన్ని వెనక సీట్లోనే వచ్చింది. నెగ్గాననుకున్నాను. బండొచ్చింది, కిటికీ పక్కన సీటు దొరికింది, సంచీ సర్దుకున్నాను. ప్లాట్‌ఫాం కంచె అవతలే రోడ్డు, అక్కడే మా కారు. వాళ్ళు వీడ్కోలు చెప్పి బయటికెళ్ళినా, సిగ్నల్ లేక బండి ఇంకా కదల్లేదు. చూస్తే అత్తయ్య ముందు సీట్లో కూర్చుంటోంది. ఒళ్ళో చిన్ని!

"వెనక్కి! పిల్లని వెనక్కి!" అని కిటికీ ఊచలు పట్టుకుని అరిచాను. అందరూ నవ్వుతూ చేతులూపారు. మళ్ళీ అరిచాను. ఇంకా ఉత్సాహంగా ఊపారు. పక్క ప్రయాణికుడు, "మీవాళ్ళకి మీరంటే ఎంత ప్రేమండీ" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

సంచీ లాక్కుని దిగిపోయాను. కంచె సందులోంచి దూరి కారుకు అడ్డంగా నిలబడేసరికి, నా వెనక బండి కదిలి వెళ్ళిపోయింది.

బావ ఇంజిను ఆపేశాడు. "ఏటయిందిరా? ఏటైనా మర్సిపోనావేటి?"

నేను ఆయాసంతో చిన్ని వైపు వేలు చూపించాను.

అత్తయ్య నన్ను చూసింది, పోతున్న బండిని చూసింది. "అయ్యబాబోయ్, దీనికోసం బండొదిలీసి దిగిపోయేడర్రా. మేనమావ ఊరికే దిగిపోతాడేటి?" అంది. ఇంకెవరూ చెప్పకుండా తానే దిగి, చిన్నిని వెనక్కి తీసుకెళ్ళి, బెల్టు ఎలా పెట్టాలో నన్నడిగి బిగించింది. పిల్ల గోల పెడితే, "నోర్ముయ్యి" అని కసిరింది.

మర్నాడు అదే వేళకు అదే స్టేషన్. ఈసారి రిజర్వేషన్ లేదు, జనరల్ పెట్టెలో తలుపు దగ్గర జాగా. భిలాయి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేదేముంది? వెడల్పాటి రోడ్లు, చెట్లు, పెట్టిపోసే మనుషులు. వాళ్ళతో వాదించి నెగ్గడం మాత్రం కల్ల.

కంచె అవతల కారు బయల్దేరింది. బావ స్టీరింగుకు దూరంగా జరిగి కూర్చున్నాడు, బెల్టు ఛాతీ మీదుగా ఉంది. పక్కన అత్తయ్య ఒక్కతే, పట్టుచీర మీద బెల్టు. వెనక కిటికీలో, వాచిన చెవులతో, అలిగిన మొహంతో చిన్ని. నాకు చెయ్యి ఊపలేదు.

ఊపకపోతే మానె. మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు సంచీ మీద చతికిలబడ్డాను.