రంగు లేని ముక్క

తిరువళ్ళూరులో మా చిన్న ఆఫీసుకి నేను అన్నా అని పిలిచే సీనియర్ ఒకాయన రోజూ తిరుత్తణి నుంచి రైల్లో వచ్చేవాడు. కంప్యూటర్లో త్రీడీ బొమ్మలను కోడుతో విడగొట్టడం నాకు నేర్పింది ఆయనే. ఒకే ముద్దగా వచ్చిన ఇంటి బొమ్మలో చెక్క, గాజు, గోడ మెటీరియల్ ప్రకారం దేనికదే విడి ముక్కయ్యేది. ఏ మెటీరియలూ ఇవ్వక రంగు లేకుండా ఉన్న భాగాలు మిగిలితే నేను తీసేయబోయేదాన్ని. ఆయన ప్రతిసారీ ఆపేవాడు.

"యాడికీ చేరనిదాన్ని పారేయబాకమ్మా. కడాన ఒక ముక్కగా పెట్టు."

ఏం చాదస్తమో అని విసుక్కునేదాన్ని.

పోయిన నెల ఆయన గుండెపోటుతో పోయాడు. ఆయన ఫైళ్లు సర్దే పని నాకు పడింది. ఒకదానిలో తిరుత్తణి కొండ మెట్ల దగ్గరి పూల అంగడి బొమ్మ ఉంది. ఆయన నేర్పిన కోడుతోనే విడగొట్టాను. తడిక, బల్ల, మల్లెలు, చామంతులు వేరువేరుగా వచ్చాయి. కడాన రంగు లేని ముక్క ఒకటి మిగిలింది. పూలు కడుతూ కూర్చున్న ఆడమనిషి.

అన్న వాళ్ళ అక్కకు ఆ బొమ్మ పంపి, ఫోన్ చేసి ఎవరని అడిగాను.

"మాయమ్మే పాపా. వాడికి మూడేండ్లప్పుడే పోయింది. ఉన్న ఒక్క ఫోటో నలుపు తెలుపుది. ఆ చీర ఏం రంగక్కా అని నన్నెన్నిసార్లో అడిగినాడు. నాకూ గ్యాపకం లేదు."

మిగతా ఫైళ్లన్నీ సర్దేశాను. దీన్ని ఎందులో చేర్చాలో తెలియక అట్లాగే ఉంచాను.